అమ్మానాయన గ్రీన్‌కార్డు: ముంబై ఇంటర్వ్యూ ముందు మెడికల్, కాగితాల సందేహాలు

ఎర్రగుంట్ల_బండ (ప్రశ్న)

మాది కడప జిల్లా, ఎర్రగుంట్ల దగ్గర. మా అక్క అమెరికా సిటిజన్. అమ్మకు, నాయనకు ఐఆర్-5 (సిటిజన్ల తల్లిదండ్రుల వీసా) కింద వేసిన ఐ-130 పిటిషన్లు రెండూ అప్రూవ్ అయినాయి. ఎన్‌వీసీలో (అమెరికా నేషనల్ వీసా సెంటర్) కాగితాలు కూడా ఓకే అయి ఇప్పుడు ముంబై కాన్సులేట్ ఇంటర్వ్యూ లెటర్లు వచ్చినాయి. ఇద్దరికీ ఒకే రోజు, ఇంకా ఏడు వారాల టైముంది. నాయనకు 66, అమ్మకు 58.

నాయన బేతంచెర్లలో నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై ఏండ్లు చేసినాడు. దగ్గు, ఆయాసం ఏమీ లేవు. కానీ ఎప్పుడో తీసిన ఎక్స్‌రేలో పైభాగంలో మచ్చలున్నాయని అన్నారు. టీబీ మందులు ఎప్పుడూ వాడలేదు. మెడికల్‌లో దీన్ని పట్టుకుంటారా?

అమ్మకు షుగరు, బీపీ ఉన్నాయి. అదీగాక ఆమె పేరు పాస్‌పోర్టులో లక్ష్మీదేవి, అక్క బర్త్ సర్టిఫికెట్‌లో లక్ష్మమ్మ. ఎన్‌వీసీ వాళ్ళు ఏమీ అనలేదు.

నాయన 1994 నుంచి 97 దాకా కువైట్‌లో ఉన్నాడు. డీఎస్-260 అనే వీసా దరఖాస్తు ఫారం నింపిన ఏజెంటు "పాత కథ, ఎందుకులే" అని అది రాయలేదంట. అడిగితే చెప్దాం, లేకపోతే వదిలేద్దాం అంటున్నాడు. తెలిసినవాళ్ళు చెప్పండన్నా.

పెన్న_గట్టు

ముందు నాయన మెడికల్ సంగతి చూడండి. మీ నాలుగు సందేహాల్లో క్యాలెండరుతో ముడిపడింది అదొక్కటే. చాలామంది ఇంటర్వ్యూకు వారం, పది రోజుల ముందు మెడికల్‌కు పోతారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు అది సరిపోతుంది. ఎక్స్‌రేలో మచ్చ ఉందని ముందే తెలిసినవాళ్ళకు చాలదు. రేపే స్లాట్ పట్టండి.

ఎవరి దగ్గర పడితే వాళ్ళ దగ్గర చేయించుకుంటే చెల్లదు. ఇండియాకు ఆమోదించిన ప్యానెల్ ఫిజీషియన్ల (వీసా మెడికల్ చేసే డాక్టర్ల) జాబితా లెటర్‌తో పాటు వచ్చే సూచనల్లో ఉంటుంది. కడప, కర్నూలు, అనంతపురాలకు దగ్గర హైదరాబాదు, చెన్నై. స్లాటు కావాలంటే ఇంటర్వ్యూ లెటర్, డీఎస్-260 కన్ఫర్మేషన్ పేజీ, పాస్‌పోర్టు అడుగుతారు. పోయేటప్పుడు ఒరిజినల్ పాస్‌పోర్టు, ఫొటోలు, టీకాల చీటీలు, వాడుతున్న మందుల ప్రిస్క్రిప్షన్లు, పాత ఎక్స్‌రే ఫిల్ములు, వాటి రిపోర్టులు అన్నీ ఒక సంచిలో పెట్టుకోండి.

15 ఏండ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అందులో టీబీని పోలిన గుర్తు కనబడితే, అది మానిపోయిన పాత మచ్చే అయినా, కఫం పరీక్షకు పంపుతారు. రాతి దుమ్ములో ఏండ్ల తరబడి పనిచేసినవాళ్ళకు సిలికా వల్ల వచ్చే నీడలు కూడా ఊపిరితిత్తుల పైభాగంలోనే పడతాయి. టీబీ మచ్చలూ అక్కడే పడతాయి కాబట్టి ఫిల్ము చూసి ఇది దుమ్ముదే అని ఎవరూ సంతకం పెట్టరు. పాత ఫిల్ము పక్కన పెట్టి చూస్తే మచ్చ ఏండ్లుగా అలాగే ఉందని తెలుస్తుంది, డాక్టరుకు అదొక ఆధారం. అయినా కఫం పరీక్ష తప్పుతుందని అనుకోవద్దు. ఏ పని చేసినాడు, ఎన్నేండ్లు చేసినాడు అనేది దాచకుండా చెప్పమనండి. సిలికా దుమ్ము పీల్చినవాళ్ళకు టీబీ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి డాక్టరు అడిగే ప్రశ్నే అది.

కఫం మూడు సార్లు ఇవ్వాలి, వరసగా మూడు పొద్దులు, ఆ సెంటర్‌లోనే, వాళ్ళ ఎదురుగా. ఇంట్లో డబ్బాలో పట్టి తీసుకుపోతే తీసుకోరు. అందుకని హైదరాబాదులో నాలుగు రోజుల బస చూసుకోండి. స్మియర్ (కఫాన్ని మైక్రోస్కోపులో చూడటం) ఫలితం త్వరగానే వస్తుంది గానీ కల్చర్ (క్రిమిని పెంచి చూడటం) అట్లా కాదు. టీబీ క్రిమి చాలా నిదానంగా పెరుగుతుంది కాబట్టి ఏమీ పెరగలేదని రాయడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగుతారు. మీకున్నది ఏడు వారాలు. లెక్క అర్థమైందా?

కల్చర్ నెగెటివ్ వస్తే బీ-1 అనే క్లాసు వేసి పంపుతారు, దానివల్ల వీసా ఆగదు. కాకపోతే మామూలుగా ఆరు నెలలు చెల్లే మెడికల్ అప్పుడు మూడు నెలలే చెల్లుతుంది. వీసా గడువు కూడా మెడికల్ గడువును దాటదు కాబట్టి టికెట్లు దాన్ని బట్టి చూసుకోవాలి. పాజిటివ్ వస్తే వాళ్ళు చెప్పిన చోట, రోజూ ఎదురుగా మింగించే పద్ధతిలో పూర్తి కోర్సు వాడాలి, దాదాపు ఆరు నెలలు. ఆ తర్వాత మళ్ళీ కఫం పరీక్ష. అప్పుడు కూడా కేసు పోదు, ఆలస్యమవుతుంది, అంతే.

ఇంటర్వ్యూ తేదీకి కల్చర్ రాకపోతే భయపడొద్దు. అదే రోజు పోయి ఇంటర్వ్యూ ఇచ్చి మెడికల్ పెండింగ్‌తో 221-జీ చీటీ (ఇంకా ఏం కావాలో రాసి, అప్పటిదాకా వీసా ఆపే కాగితం) తెచ్చుకోవచ్చు, లేదా తేదీ మార్చుకోవచ్చు. ఐఆర్-5కు వీసా నంబర్ల కోటా లేదు కాబట్టి ఆలస్యమైనా వరస పోదు.

నల్లమల_నీడ

నా సలహా వేరే. మీ ఊర్లోనే చెస్ట్ డాక్టరు దగ్గరికి పోయి, అనుమానం ఉంటే ముందే ఒక కోర్సు వాడించి పోండి. అక్కడ క్లీన్‌గా వస్తుంది.

పెన్న_గట్టు

ఇది మాత్రం చేయొద్దు. చెస్ట్ డాక్టరుకు చూపించి, ఫిల్ము తీయించి, రిపోర్టు రాయించుకోవడం మంచిదే. నిజంగా జబ్బుంటే వైద్యం ఆపమని ఎవరూ అనరు. కానీ జబ్బు రుజువు కాకుండా ముందుజాగ్రత్తని టీబీ మందులు మొదలుపెడితే కల్చర్ అర్థం లేకుండా పోతుంది. సగం మందులు వాడిన మనిషికి క్రిమి పెరగలేదంటే లేనట్టా, అణిగినట్టా? ప్యానెల్ డాక్టరు అప్పుడు ఇంకా జాగ్రత్త పడతాడు. మందులతో మచ్చ చెరిగిపోదు కూడా, ఫిల్ములో అట్లాగే కనిపిస్తుంది. దగ్గుకని వాడే లెవోఫ్లాక్సాసిన్ జాతి మాత్రలు కూడా టీబీ క్రిమిని కొంత అణుస్తాయి. ఈ మధ్య ఏ యాంటిబయాటిక్ వాడినా ఆ చీటీ తీసుకుపోయి చెప్పండి.

ఇక టీకాలు. ఇద్దరూ 1957 తర్వాత పుట్టినవాళ్ళే కాబట్టి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా) అడుగుతారు. టీడీ లేదా టీడాప్ (ధనుర్వాతం టీకాలు), అమ్మవారు అంటే చికెన్‌పాక్స్ టీకా ఇద్దరికీ. హెపటైటిస్-బీ 59 ఏండ్ల వరకే, అంటే అమ్మకు ఉంటుంది, నాయనకు ఉండదు. నాయనకు వయసును బట్టి న్యుమోకాకల్ (న్యుమోనియా టీకా). ఫ్లూ సీజన్‌ను బట్టి. కోర్సు మొత్తం పూర్తి కావాల్సిన పని లేదు, వయసుకు తగిన ఒక్క డోసు పడితే మెడికల్ నడుస్తుంది.

చిన్నప్పుడు వేయించినాం అని నోటితో చెప్తే లెక్కలోకి రాదు, తేదీ, టీకా పేరు, సీలు ఉన్న చీటీ కావాలి. చికెన్‌పాక్స్ వచ్చి తగ్గిందని నమ్మకంగా చెప్పగలిగితే, లేదా రక్తపరీక్షలో యాంటీబాడీలు కనబడితే ఆ టీకా వదిలేస్తారు. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ రెండూ బతికున్న క్రిమితో చేసినవి. రెండూ ఒకే రోజు వేయాలి, లేదంటే మధ్యలో 28 రోజులు ఎడం ఉండాలి. డబ్బులు మిగులుతాయని కడపలో ఎంఎంఆర్ ఒక్కటి వేయించుకుని మరుసటి వారం హైదరాబాదు పోతే, రెండోది వేయడానికి నెల ఆగమంటారు.

షుగరు, బీపీ ఉన్నాయని మెడికల్‌లో ఫెయిల్ చేయరు. రాసుకుంటారు. అయితే పబ్లిక్ చార్జ్ అంచనాలో, అంటే అక్కడ సర్కారు సాయం మీద ఆధారపడతారా అని చూసేటప్పుడు, వయసు, ఆరోగ్యం, కుటుంబం, ఆస్తి, చదువు చూడాలని చట్టంలోనే ఉంది. అందుకని అమ్మ షుగరు అదుపులో ఉన్నట్టు ఈ మధ్య చేసిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) రిపోర్టు పెట్టుకోండి. అక్కడికి పోయినాక ఇన్సూరెన్స్ ఎట్లా చేస్తారో అక్క ఒక కాగితం మీద రాసిస్తే ఇంకా మేలు.

కొండారెడ్డి_బురుజు

కాగితాల సంగతి నేను చెప్తా. కువైట్ ముందు.

వదిలేయొద్దు. డీఎస్-260లో 16 ఏండ్ల వయసు నుంచి ఉన్న ఊర్లన్నీ అడుగుతారు. మూడేండ్లు వేరే దేశంలో ఉండి రాయకపోతే, అడిగినప్పుడు బయటపడితే, అది మరుపా దాచడమా అనేది ఆఫీసరు చేతిలోకి పోతుంది. కావాలని దాచినట్టు తేలితే జీవితాంతం అడ్డుపడే సెక్షను ఉంది. ఆ ఏజెంటు కిటికీ దగ్గరికి రాడు, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేసేది మీ నాయన. ఫారం సబ్మిట్ అయినాక మీ అంతట మీరు మార్చలేరు. కేసు నంబరు రాసి ఫారం తెరవమని ముంబై కాన్సులేట్‌కు ఇప్పుడే రాయండి. తెరవకపోతే ఏ పేజీలో ఏం తప్పిపోయింది, సరైనది ఏమిటి అని ఒక తెల్లకాగితం మీద టైపు చేసి, ఇంటర్వ్యూలో వాళ్ళు అడగకముందే ఇచ్చేయండి.

దాంతోపాటు పోలీస్ సర్టిఫికెట్ వస్తుంది. 16 దాటినాక ఏ దేశంలో ఏడాది, అంతకంటే ఎక్కువ ఉన్నా ఆ దేశం పోలీస్ క్లియరెన్స్ (పీసీసీ) కావాలి, ఎంత పాతదైనా సరే. కడప, రాయచోటి, రాజంపేట వైపు కేసుల్లో ఎక్కువగా తగులుకునేది ఇదే. అమెరికా స్టేట్ డిపార్ట్‌మెంట్ సైటులో వీసా రెసిప్రాసిటీ పేజీలో కువైట్ తీసి చూడండి, ఎవరిని అడగాలి, ఏ రూపంలో ఉండాలి అనేది అక్కడ ఉంటుంది. పాత పాస్‌పోర్టు, అందులోని ఇకామా (కువైట్ నివాస అనుమతి) స్టాంపు పేజీలు వెతికి పెట్టండి, దరఖాస్తుకు అవే ఆధారం. ఇంటర్వ్యూలోపు రాకపోతే దరఖాస్తు చేసిన రుజువు తీసుకుపోవాలి.

ఇండియా పీసీసీ తేదీ కూడా చూసుకోండి. రెండేండ్లు చెల్లుతుంది. దాటిపోయింటే మళ్ళీ తీసుకోవడానికి తిరుపతి దాకా పోనక్కర లేదు, 2022 సెప్టెంబరు నుంచి పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల్లో కూడా పీసీసీ దరఖాస్తు తీసుకుంటున్నారు. ఫీజు 500 రూపాయలు. పాస్‌పోర్టులో ఉన్న అడ్రసు, ఇప్పుడు ఉంటున్న అడ్రసు వేరైతే స్టేషన్ విచారణ పడుతుంది, ఆ టైము కలుపుకోండి.

అమ్మ పేరు. ఇందులో అందరూ అమ్మ బర్త్ సర్టిఫికెట్ మీద దిగులు పడతారు గానీ, అసలు కేసు నిలబడేది అక్క బర్త్ సర్టిఫికెట్ మీద. ఈమె ఆమెకు తల్లి అని చెప్పే కాగితం అదొక్కటే. ఎన్‌వీసీ వాళ్ళు కాగితం ఉందా లేదా చూసినారు, తల్లీబిడ్డా అవునా అని తేల్చేది ముంబైలో ఆఫీసరు. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో తల్లి పేరు సరిదిద్దించాలంటే ఏడు వారాలు చాలకపోవచ్చు, హడావిడిగా కొత్తగా తెచ్చిన సర్టిఫికెట్ మీద అనుమానం కూడా ఎక్కువే. అది అట్లానే ఉంచి దాని చుట్టూ పాత ఆధారాలు పేర్చండి: అక్క పదో తరగతి మార్కుల లిస్టు, స్కూలు టీసీ, పాత రేషన్ కార్డు, అక్క మొదటి ఇండియన్ పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లి పేరు, అమ్మ ఓటరు కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, ఇద్దరూ ఉన్న పాత ఫొటోలు. లక్ష్మమ్మ, లక్ష్మీదేవి ఒకరే అని నోటరీ చేసిన అఫిడవిట్ ఒకటి, దగ్గరి బంధువులు ఇద్దరివి ఒక్కొక్కటి. అఫిడవిట్ ఒక్కటే పెడితే బలం లేదు, పాత కాగితాల పక్కన పెడితేనే పనికొస్తుంది. అప్పటికీ చాలదనుకుంటే డీఎన్ఏ పరీక్ష సూచిస్తారు. అది కాన్సులేట్ చెప్పిన దారిలోనే, గుర్తింపు ఉన్న ల్యాబు ద్వారానే చేయాలి. ముందే మీరు చేయించిన రిపోర్టు పనికిరాదు.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు తర్జుమా జతచేయండి. కింద తర్జుమా చేసినవాళ్ళు "రెండు భాషలూ నాకు వచ్చు, ఇది సరైన అనువాదం" అని రాసి సంతకం పెట్టాలి. నోటరీ సీలు మాత్రమే కొట్టించి ఈ రెండు మాటలు రాయకపోతే అది సగం పనే.

ఆలూరు_రోడ్డు

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోవద్దు. మా వాళ్ళ నికానామా ఉర్దూలో ఉంది. ఖాజీ సీలు ఉంది. అది చాలా, సబ్ రిజిస్ట్రార్ దగ్గర మళ్ళీ చేయించాలా?

కొండారెడ్డి_బురుజు

ఒరిజినల్ నికానామా, ఇంగ్లీషు తర్జుమా రెండూ పెట్టండి. పేర్లు, తేదీ పాస్‌పోర్టులతో అక్షరం అక్షరం సరిపోతున్నాయా చూడండి. ఉర్దూ నుంచి ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు ఒకే పేరు మూడు రకాలుగా రాస్తారు, తర్జుమాలో పాస్‌పోర్టు స్పెల్లింగే వాడమనండి.

గుత్తి_కోట

మాది ఎఫ్-4 (సిటిజన్ల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ వీసా). తమ్ముడి కుటుంబంతో తొమ్మిదేండ్ల పాప ఉంది. పాపకు కూడా ఎక్స్‌రే ఉంటుందా?

పెన్న_గట్టు

ఉండదు. ఇండియా నుంచి పోయే 2 నుంచి 14 ఏండ్ల పిల్లలకు టీబీ కోసం ఇగ్రా అనే రక్తపరీక్ష చేస్తారు. పుట్టినప్పుడు వేసిన బీసీజీ (టీబీ టీకా) దీన్ని తప్పుదోవ పట్టించదు. పాజిటివ్ వస్తే అప్పుడు ఎక్స్‌రే తీస్తారు. ఇందాకటి ఎంఎంఆర్ చిక్కు ఇక్కడ కూడా ఉంది: బతికున్న క్రిమి టీకా వేసిన తర్వాత నాలుగు వారాల దాకా ఇగ్రా ఫలితం నమ్మదగింది కాదు. రక్తం తీసిన రోజే టీకా వేయించండి, లేదా నెల ఎడం పెట్టండి. స్కూల్లో టీకా శిబిరం పెట్టినా ఆ నెల ఆపండి. 18 నుంచి 44 ఏండ్ల పెద్దవాళ్ళకు సిఫిలిస్ రక్తపరీక్ష అదనం. హెచ్ఐవీ పరీక్షను 2010 జనవరిలోనే తీసేసినారు, ఇంకా ఉందని చెప్పేవాళ్ళ మాట వినొద్దు.

ఎఫ్-4 వాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. ఎఫ్-4కు కోటా ఉంది కాబట్టి, ఐఆర్-5 లాగా తీరిగ్గా వాయిదా వేసుకుంటే ఆ నెలలో కటాఫ్ తేదీ వెనక్కి జరిగి, మీ ప్రయారిటీ డేటుకు (పిటిషన్ వేసిన తేదీ) వరస ఆగిపోయే ప్రమాదం ఉంది.

ఎర్రగుంట్ల_బండ

చాలా చాలా థ్యాంక్స్ అన్నా. హైదరాబాదులో ఈ గురువారానికే స్లాటు దొరికింది. కాన్సులేట్‌కు కువైట్ గురించి మెయిల్ పెట్టినాం. అక్క ఐ-864 (ఆదాయం చూపి పోషిస్తానని ఇచ్చే హామీ పత్రం) పోయినేడు ట్యాక్సుతో పెట్టింది, మళ్ళీ కొత్తది కావాలా? ఇంటర్వ్యూలో అమ్మకు తెలుగు తప్ప రాదు, అదొక దిగులు.

కొండారెడ్డి_బురుజు

ఐ-864 పెట్టినాక కొత్త ట్యాక్సు రిటర్ను దాఖలై ఉంటే దాని ఐఆర్ఎస్ (అమెరికా ట్యాక్సు శాఖ) ట్రాన్స్‌క్రిప్టు, డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం ఫారం), ఈ నెల జీతం చీటీలు, ఉద్యోగం లెటరు తీసుకుపోండి. ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. 2025 పట్టికలో నలుగురికి 40,187 డాలర్లు, ఐదుగురికి 47,062 ఉండింది. తలలు లెక్కపెట్టడంలోనే తప్పు జరుగుతుంది: అక్క, బావ, పిల్లలు, వాళ్ళతో పాటు అమ్మా నాయనా ఇద్దరూ. నాయన ఫారంలో అమ్మను, అమ్మ ఫారంలో నాయనను మర్చిపోతారు. చాలకపోతే జాయింట్ స్పాన్సరు (తన ఆదాయంతో హామీ ఇచ్చే ఇంకొకరు) కావాలి, ఆయన సిటిజన్ లేదా గ్రీన్‌కార్డు అని రుజువు కూడా.

ఐఆర్-5లో భార్యాభర్తలవి రెండు వేర్వేరు కేసులు. ఒకరి వెనక ఒకరు రారు. అందుకని రెండు ఫైళ్ళు, రెండింట్లోనూ పూర్తి సెట్టు. పెండ్లి సర్టిఫికెట్, అక్క బర్త్ సర్టిఫికెట్ రెండు ఫైళ్ళలోనూ కాపీలు, ఒరిజినల్ మాత్రం చేతిలో. ఫొటోలు 2 అంగుళాలకు 2 అంగుళాలు, తెల్ల బ్యాక్‌గ్రౌండు, ఆరు నెలల లోపువి. అద్దాలు తీసి దిగాలి, నాయన చదువు అద్దాలు కూడా.

భాష గురించి: కాగితాలు తీసుకునే మొదటి కిటికీ దగ్గరే "తెలుగు" అని చెప్పమనండి. అర్థం కాని ప్రశ్నకు తల ఊపడం పెద్దవాళ్ళ అలవాటు, ప్రమాదం అక్కడే. అర్థం కాలేదు, మళ్ళీ అడగండి అంటే ఎవరూ తప్పు పట్టరు. పిల్లలెంతమంది, ఎవరెక్కడ, అక్క ఏం పని చేస్తుంది, పెండ్లెప్పుడు అయింది, అమెరికా ముందు పోయినారా, పోతే ఎన్నాళ్ళున్నారు, ఈ తరహాలోనే ఉంటాయి. బట్టీ పట్టించొద్దు. డీఎస్-260 ప్రింటు తీసి, తెలుగులో ఒకసారి చదివి వినిపించండి. "ఇది తప్పు రాసినారే" అని వాళ్ళే పట్టుకుంటారు.

పెన్న_గట్టు

రైలు సంగతి: కడప మద్రాసు-ముంబై లైను మీదే ఉంది, నేరుగా బండ్లున్నాయి. వేలిముద్రల అపాయింట్‌మెంటు ఇంటర్వ్యూకు ముందు వేరేగా ఉంటుంది, దాన్ని సైటులో బుక్ చేసుకుని, రెండింటికీ సరిపోయేలా బస చూసుకోండి. కాన్సులేటు బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో ఉంది. లోపలికి ఫోను, స్మార్ట్ వాచీ, పవర్ బ్యాంకు, బ్యాగు ఏవీ రానివ్వరు. ఫోన్లు రూములోనే పెట్టిపొమ్మనండి. అమ్మ మాత్రల వేళ చూసుకుని, తిని పోవాలి.

మెడికల్ సెంటరు వాళ్ళు సీలు వేసిన కవరు ఇస్తే విప్పొద్దు. ఎక్స్‌రే సీడీ ఇస్తే అమెరికా పోయేటప్పుడు చెక్-ఇన్‌లో వేయకుండా చేతిసంచిలో పెట్టాలి. బీ-1 క్లాసు పడితే అక్కడి ఆరోగ్యశాఖ వాళ్ళు మళ్ళీ పిలుస్తారు, అప్పుడు ఆ సీడీనే అడుగుతారు.

221-జీ చీటీ ఇస్తే అందులో ఏం టిక్కు పెట్టినారో అక్కడే చదివించుకోండి. అడిగింది ఇవ్వడానికి ఏడాది గడువు. వీసా స్టిక్కరు వచ్చినరోజే పేరు, పుట్టిన తేదీ, గడువు చూడండి, తప్పుంటే ప్రయాణానికి ముందే కాన్సులేట్‌కు రాయాలి. గ్రీన్‌కార్డు ముద్రించడానికి యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ) ఫీజు 235 డాలర్లు, ఒక్కొక్కరికి విడిగా. అక్క అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో కట్టొచ్చు, టికెట్ బుక్ చేసిన రోజే కట్టమనండి.